పది చేతులు, ఒకటే పట్టిక
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా పెన్‌పహాడ్ మండలంలో పదో తరగతి పాసైన పిల్లలు పై చదువులకు సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో వెళ్తారు. వారికి మీరు ఫీజులిస్తున్నారు, పుస్తకాలిస్తున్నారు. అయితే డబ్బు లేక ఆగే చదువులతో పాటు కాగితం సరిగా లేక ఆగే చదువులూ ఉన్నాయి. ఆ సంగతే మీ ముందు పెడుతున్నాం.

మన పేర్ల విషయం మీకు తెలిసిందే. మెమోలో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో 'ఎస్.కె.' అని పొట్టిగా ఉంటుంది, బ్యాంకు పాసుబుక్కులో అది పేరు చివరకు పోతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తును కాలేజీ వారు పరిశీలించి పైకి పంపాలి. పేర్లు కలవకపోతే అక్కడే చిక్కు. సరిచేసేలోగా గడువు దాటుతుంది.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ ఉండనవసరం లేదు. లెక్చరర్ దగ్గర ఒక జాబితా, గుమాస్తా కంప్యూటర్‌లో ఇంకొకటి, వాట్సాప్‌లో 'ఫైనల్', మర్నాడు 'కొత్త ఫైనల్'. ఒకరు దిద్దిన పేరు మరొకరి దగ్గర పాతగానే మిగులుతుంది.

2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాక టీచర్లమంతా ఫోన్‌తో పాఠం చెప్పడం నేర్చుకున్నాం. ఆఫీసు పనిని మాత్రం పాత దారిలోనే ఉంచుకున్నాం. నిజానికి గూగుల్ ఆన్‌లైన్ పట్టికలు 2006 నుంచే ఉన్నాయి. సిబ్బంది అంతా ఒకే పట్టికను ఎవరి ఫోన్‌లో వారు తెరిచి, ఒకేసారి రాయవచ్చు. ఒకరు దిద్దింది వెంటనే మిగతావారికి కనిపిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదవుతుంది. పొరపాటున చెరిగినా పాత ప్రతి దొరుకుతుంది. విద్యాసంస్థలకు గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ ప్రాథమిక సేవను ఉచితంగానే ఇస్తున్నాయి.

పద్ధతి చాలా తేలిక. ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస. పేరు కలిసిందా, బ్యాంకు ఖాతా సరిపోయిందా, దరఖాస్తు వెళ్లిందా, పరిశీలన అయిందా అని నాలుగు గడులు. ఏ గడి ఎవరు నింపాలో ముందే పేరు రాసిపెట్టాలి. అందరి పని అని వదిలేస్తే అది ఎవరి పనీ కాదు. ఖాళీ గడి కనపడిన రోజే ఆ పిల్ల ఇంటికి ఫోన్ వెళ్లాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లింకు ఉన్న ఎవరైనా తెరిచేలా పట్టికను వదలకూడదు. ఆధార్ నంబరు అందులో రాయకూడదు; కలిసిందా, లేదా అన్నది చాలు. ఉద్యోగం మారిన వారి అనుమతి ఆ రోజే తీసేయాలి. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచితే, ఆడపిల్లల ఫోన్ నంబర్లు మన చేతిలో అమానత్.

దాతలకు మా మనవి ఇది. ఖరీదైన యంత్రాలు అడగడం లేదు. ఆఫీసుకు ఒక కంప్యూటర్, నెలనెలా నెట్ బిల్లు, వేసవి సెలవుల్లో సిబ్బందికి రెండు రోజుల శిక్షణ చాలు. బదులుగా పేర్లు లేకుండా లెక్కలు మాత్రమే ఉన్న పేజీని మీకు చూపించమని కాలేజీలను అడగండి. ఎన్ని దరఖాస్తులు వెళ్లాయి, ఎన్ని ఎక్కడ ఆగాయి అన్నది ఏడాది చివర సభలో కాకుండా, గడువుకు ముందే మీకు తెలుస్తుంది. ఆగిన చోట చెయ్యి వేయడానికి అప్పుడు సమయం ఉంటుంది.