కొల్లేరు నేర్పే న్యాయపాఠం

న్యాయవ్యవస్థ అంటే శాసనసభ చేసిన చట్టానికి అర్థం చెప్పి, ప్రభుత్వమైనా పౌరుడైనా దానిని మీరినప్పుడు సరిదిద్దే రాజ్యాంగ అంగమని పాఠ్యపుస్తకాలు నిర్వచిస్తాయి గాని, భీమడోలు ప్రాంతపు విద్యార్థికి ఆ నిర్వచనం కంటే దగ్గరలోని కొల్లేరు సరస్సు కథే బాగా బోధపడుతుంది. 1999లో రాష్ట్ర ప్రభుత్వం 120వ నంబరు ఉత్తర్వుతో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును సూచించే రేఖ లోపలి 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించినా అందులోని చేపల చెరువుల గట్లు నిలిచే ఉండగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరి, 2006లో ఆ కోర్టు ఆదేశాల మేరకు యంత్రాలు మట్టిగట్లను తెంచి చెరువునీటిని సరస్సులోకి వదిలాయి. గట్టు తెంచిన చేయి అధికార యంత్రాంగానిది, తెంచమన్న మాట న్యాయస్థానానిది. ఈ తేడా గ్రహించిన పిల్లలకు అధికార విభజన, అనగా అధికారమంతా ఒక్కచోటే పోగుపడకుండా చూసే ఏర్పాటు, వేరే వివరించనక్కరలేదు. ఆ చెరువులే బతుకుదెరువైన కుటుంబాల మొరను కూడా తరగతిలో వినిపించాలి, ఎందుకంటే ఇరుపక్షాల వాదన వినడమే తీర్పుకు ప్రాణం. విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి కనుక, ఉపాధ్యాయులు ముందుగా అనుమతి తీసుకుని, ఒక్క పూటైనా పిల్లలను కోర్టు హాలులో వెనక బెంచీల మీద కూర్చోబెట్టాలి.