పసిఫిక్కు తీరమున నీలివలువల దయ్యము

దయ్యమున్నదని పేరుపడిన ఇంటికి మనవైపు ఎవ్వరును అద్దెకు రారు. ఆ యిల్లు పాడుపడును. వాకిట జిల్లేళ్లు మొలచును. అమెరికా దేశమున, కాలిఫోర్నియా తీరమునందు నేను చూచిన ఇంటి సంగతి దీనికి విరుద్ధము. దయ్యమున్నదను ప్రతీతి చేతనే అచ్చటికి జనులు కార్లలో భోజనమునకు వచ్చుచుందురు. ఆ యింటి కథను పెద్దలకు మనవి చేసికొందును.

శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణముగా సుమారు 20 మైళ్ల దూరమున మాస్ బీచ్ అను చిన్న ఊరు కలదు. అచ్చట సముద్రము మీదికి నిట్టనిలువుగా నున్న గట్టు అంచున ఆ భోజనశాల కట్టబడినది. దాని పేరు మాస్ బీచ్ డిస్టిల్లరీ. డిస్టిల్లరీ యనగా సారాబట్టి. నాకు మాత్ర మచ్చట బట్టి యేదియు కానరాలేదు. మేము వెళ్లిన సాయంకాలము పొగమంచు సముద్రము మీదినుండి గోడవలె నడచి వచ్చుచుండెను. ఆరుబయట కూర్చుండువారికి కప్పుకొనుటకు కంబళ్లిచ్చిరి. నడివేసవిలో కంబళి కప్పుకొని భోజనము చేయుట నా జన్మమున అదియే మొదలు.

దయ్యము కంటె ముందు ఇంటి పుట్టుక చెప్పవలెను. 1920 మొదలు 1933 డిసెంబరు వరకు ఆ దేశమంతటను మద్యనిషేధము అమలులో నుండెను. రాజ్యాంగమును సవరించి తెచ్చిన నిషేధ మది. మరల రాజ్యాంగమును సవరించియే దానిని తీసివేసిరి. 1995లో ఆంధ్రప్రదేశమున వచ్చిన నిషేధము మీకు జ్ఞాపకముండును. ముందు తలుపు మూసినవారు దొడ్డితలుపు తెరచుట యెట్లో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. అమెరికాలో అట్టి దొంగచాటు మద్యశాలలకు స్పీకీజీలని పేరు. మెల్లగా మాటాడు మని దాని భావము. 1927లో ఫ్రాంక్ టోరెస్ అను నతడు ఈ గట్టు మీద అట్టిదానినే నెలకొల్పెను. కెనడా విస్కీని తెచ్చు ఓడలు దూరమున నిలిచెడివి. చీకటిలో, పొగమంచు మరుగున, సరకును క్రింది ఒడ్డున దించి, గట్టు మీదికి లాగి, బండ్ల కెక్కించి నగరమునకు తరలించెడివారు. దారిలో కొంత టోరెస్ గారి ఇంటిలో నిలిచిపోయెడిది. మూకీచిత్రముల తారలును, నగరపు రాజకీయనాయకులును అచ్చటికి వచ్చెడివారు. అట్టి పెద్దల స్నేహము వలననే ఆ యింటిపై ఎన్నడును దాడి జరుగలేదని చెప్పుదురు. ఇది ఊహింప కష్టమైన సంగతి కాదు.

నీలివలువల స్త్రీ కథ ఆ కాలమునకు చెందినదే. ఆమె పెండ్లియైనది. ఆ శాలలో పియానో వాయించు సుందరుని మీద మనసు పడినది. ఎల్లప్పుడును నీలిబట్టలే ధరించెడిదట. ఒకరాత్రి వారిద్దరు క్రింది ఇసుకలో నడచుచుండగా ఎవరో మీదపడిరి. ఆమె కత్తిపోట్లకు మరణించెను, అతడు స్వల్పగాయముతో బయటపడెను. ఇది ఒకరి మాట. కాదు, కారు ప్రమాదమున పోయినదని వేరొకరి మాట. మన పల్లెలలో నైనచో అకాలమరణము పొందిన స్త్రీని పేరంటాలని కొలుచుటయు కలదు. వారు కొలువరు, చెప్పుకొందురు.

చెప్పుకొనునవి కొల్లలు. ఎవరును లేని గదులకు లోపలినుండి గడియ పడునట. టెలిఫోను మ్రోగునట, ఎత్తినచో పలుకువారుండరట. భోజనమునకు వచ్చిన స్త్రీల చెవి ఆభరణములలో ఒక్కొక్కటే మాయమై, కొన్ని వారముల తరువాత అన్నియు ఒకేచోట దొరకునట. ఇది విన్నది మొదలు నా భార్య భోజనము ముగియువరకు చెవులు తడిమి చూచుకొనుచునే యుండెను.

మాకు వడ్డించు పిల్లను, "అమ్మాయీ, నీవు స్వయముగా చూచితివా?" అని అడిగితిని. తాను చూడలేదనియు, చూచినవారిని ఎరుగుదుననియు ఆమె చెప్పినది. దయ్యమును చూచినవాడు ఏ దేశమందైనను ప్రక్కయింటి వాడే!

2008లో దయ్యముల జాడలు వెదకు టెలివిజను బృంద మొకటి అచ్చట రాత్రివేళ పరిశోధన చేసినది. దీపములు వాటంతట అవి ఊగుటకును, స్నానగృహపు అద్దములో స్త్రీ ముఖము కనబడుటకును, ఆడుగొంతు వినబడుటకును తగిన యంత్రములు అమర్చియుండుట వారు కనిపెట్టిరి. అది ప్రసారమైన తరువాతను జనులు మానలేదు. నాకు ఆ సంగతి తలపునకు వచ్చి నవ్వు వచ్చినది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. నా చిన్నతనమున మా ఊరి దిగుడుబావిలో ఒక కోడలి శవము తేలినది. మిట్టమధ్యాహ్నమున ఆమె మెట్లమీద కూర్చుండి తల దువ్వుకొనునని చెప్పుకొనిరి. బావిచుట్టును ముండ్లకంప వేసిరి. చచ్చిన తరువాత ఆమె ఎక్కడెక్కడ తిరుగునో ప్రతివారికిని తెలిసినది. బ్రతికియున్న రెండేండ్లు ఆ యింటిలో ఎట్లుండెనో ఎవరును అడుగలేదు. మరుసటి యేడే ఆ యింటివారు కుమారునికి మరల పెండ్లి చేసిరి. ఊరందరితో పాటు మేమును పోయి భోజనము చేసి వచ్చితిమి. ఆమె పేరు నాకిప్పటికిని తెలియదు.

అందుచేత, ఆ పిల్ల లెక్కకాగితము తెచ్చినప్పుడు, ఆ నీలివలువల స్త్రీ పేరేమని అడిగితిని. ఆమె కొంచెము ఆశ్చర్యపడి, లోనికి పోయి తనకంటె పెద్దవారిని అడిగి వచ్చి, నీలివలువల స్త్రీ యనియే తామందరు నందురని చెప్పినది. అప్పటికి పొగమంచు గట్టు నెక్కినది. క్రింది ఒడ్డు కనబడుట లేదు. అలల మ్రోత మాత్రము వినబడుచుండెను. కంబళ్లు మడిచి కుర్చీల మీద పెట్టి లేచితిమి.