ఐదు అక్షరాలు – ఇరవై ధ్వనులు
(ఎచ్చెర్లలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి ఇక్కడ తరచు మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ రోజు నేను ఎంచుకున్న విషయం వేరు. మనమంతా ఉద్యోగ జీవితమంతా ఇంగ్లీషులో నోట్ ఫైళ్ళు రాశాం. రాయడంలో మనకు భయం లేదు. ఎటొచ్చీ నోరు తెరవాలంటేనే భయం. ఆ భయానికి మూలమైన అచ్చుల సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక కార్యాలయంలో అధికారిగా ఉండేవాణ్ణి. ఒకరోజు కింది కార్యాలయానికి ట్రంకాల్ చేశాను. "మార్చి జాబితా, ఫిబ్రవరి జాబితా రెండూ మీ దగ్గరున్నాయి కదా, సెండ్ ది లేటర్ వన్" అన్నాను. రెండిట్లో చివర చెప్పినది, అంటే ఫిబ్రవరిది, పంపమని నా ఉద్దేశం. అవతల గుమాస్తా తేదీలో తర్వాతిదనుకుని మార్చిది పంపారు. దాంతో జీతాల సవరణ రెండు నెలలు ఆగిపోయింది. అతన్ని పిలిపించి నలుగురిలో కేకలేశాను. "తమరు లేటర్ అన్నారండి, నానలాగే పంపినాను" అన్నాడు పాపం. "నాను ఏటయ్యా, నేను అనలేవా?" అని వెక్కిరించాను. గదిలో అందరూ నవ్వారు. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు.

తప్పు ఎవరిదో నాకు పదవీ విరమణ తర్వాత గాని తెలిసిరాలేదు. ఇంగ్లీషులో "చివరిది" అనే మాటలోని అచ్చు వేరు, "తర్వాతిది" అనే మాటలోని అచ్చు వేరు. మొదటిది "ల్యాటర్" అని పలకాలి. బ్యాంకును బేంకు అనీ, క్యాంపును కేంపు అనీ అనే మన వైపు అలవాటు కొద్దీ నేను దాన్ని "లేటర్" అన్నాను. అతను విన్నది సరిగ్గానే విన్నాడు!

ఇంతకూ ఆ ధ్వని మన నోటికి రానిదా అంటే, కాదు. "వచ్చాడు", "చెప్పాడు" అని మామూలుగా మాట్లాడుతూ అనండి. చాలామంది నోట అక్కడ వినిపించేది పూర్తిగా ఆ కాదు, ఏ కాదు, రెండింటికీ నడుమ ఉండే ధ్వని. దానికి మనకు అక్షరం లేదు. అందుకే కొందరు "వచ్చాడు" అనీ కొందరు "వచ్చేడు" అనీ రాస్తారు. బ్యాంకు, బేంకు అని రెండు రకాల రాతలు కూడా ఇందుకే వచ్చాయి. ఇంగ్లీషువాడిది కాస్త పొట్టి, మనది కాస్త పొడుగు, అంతే తేడా. రోజూ వాడుతున్న ధ్వనిని గుర్తు పట్టక, అది నాకు లేదనుకున్నాను.

మరొకటి చూడండి. "కోడి" అనండి, "కోట" అనండి. అక్షరం ఒకటే ఓత్వం. కాని కోట అన్నప్పుడు నోరు మరికాస్త తెరుచుకుంటుంది. "మేము", "మేక" కూడా అంతే. తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ముందు అచ్చు విప్పారుతుంది. రాసినట్టే పలుకుతామని గొప్పలు చెప్పుకునే మన తెలుగులోనే ఇలా ఉంటే, ఇక ఇంగ్లీషు మాట చెప్పాలా?

ఇంగ్లీషుకు అచ్చు అక్షరాలు ఐదు. దక్షిణ ఇంగ్లండు శిష్టుల ఉచ్చారణలో అచ్చు ధ్వనులను సుమారు ఇరవైగా లెక్కిస్తారు: పన్నెండు శుద్ధమైనవి, ఎనిమిది జంట ధ్వనులు. ఈ పేచీ ఎలా వచ్చిందంటే, కాక్స్టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చు యంత్రం తెచ్చాడు. స్పెల్లింగులు మెల్లగా స్థిరపడుతున్నాయి. అదే కాలంలో, అంటే సుమారు 1400 నుంచి 1700 దాకా, దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. ఇప్పుడు మనం "నేమ్" అనే మాటను వాళ్ళు ఒకప్పుడు ఇంచుమించు "నామ" అనేవారు. మన సంస్కృత నామానికి అది దూరపు చుట్టం కూడాను. పలుకు మారింది, రాత పాతదే మిగిలింది.

ఆ మారిన పలుకైనా అన్ని చోట్లా ఒకటి కాదు. స్నానాన్ని లండనువాడు "బాత్" అంటాడు. ఉత్తర ఇంగ్లండువాడు, అమెరికావాడు "బ్యాత్" అంటారు. మనం కప్పు అనేదాన్ని ఉత్తర ఇంగ్లండులో చాలామంది "కుప్" అన్నట్టు పలుకుతారు. గేటు, కోటు అన్న మాటల్లో అచ్చును లండనువాడు వంచుతాడు, మనం తిన్నగా పలుకుతాం. స్కాట్లండులోనూ తిన్నగానే పలుకుతారు. వాళ్ళను ఎవరూ తప్పు పట్టరే!

మరి మనం ఏం చేయాలి? నా మట్టుకు నాకు తోచిన సూత్రం ఇది. అర్థం చెడే చోట జాగ్రత్త పడాలి. బెడ్ వేరు, బ్యాడ్ వేరు. పెన్ వేరు, ప్యాన్ వేరు. ఫోనులో అనుమానం వస్తే నెల పేరే చెప్పాలి. అర్థం చెడని చోట యాసకు సిగ్గు పడనక్కరలేదు.

ఈ మాట మన జిల్లాలో కొత్తది కాదు. 1863లో ఇక్కడి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు లిపి లేదు. చెవిని నమ్ముకుని, ఒక్కొక్క ధ్వనినీ విని గుర్తించి రాసుకున్నారు. 1931లో వారి సవర వ్యాకరణం అచ్చయింది. కొండవాడి పలుకు వినడానికి పండితుడు వాడి ముందు కూర్చున్నాడు. నేనో, నా ముందు నిలబడ్డ మనిషి పలుకు విని నవ్వాను. నేను వెక్కిరించిన ఆ "నాను" కన్నడంలో శిష్టులు రాసే మాటే!

2008 నుంచి ఈ ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఇంటర్వ్యూలంటే బెదురుతుంటారు. మన ఇళ్ళకొచ్చే అటువంటి పిల్లలకు ఈ రెండు ముక్కలూ చెప్పండి: వినడం నేర్చుకో, సిగ్గు పడకు. వాళ్ళ పలుకు విని మనం మాత్రం నవ్వవద్దు.

ఆ గుమాస్తా తర్వాత బదిలీ మీద వెళ్ళిపోయాడు. నేను క్షమాపణ చెప్పుకోలేదు. ఈ సంచిక అతని చేతికి అందితే, ఇదే నా క్షమాపణ.