వడ్రంగి ఇంట కొయ్య ధూళి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములోని నీరు, దీపములు, వీధుల శుభ్రత గురించి మీరు తరచు చర్చించుచుందురు. వడ్రంగి వసారాలోని గాలిని గురించి ఏ పంచాయతీ సమావేశమునందును ప్రస్తావన వచ్చినట్లు మేము వినలేదు. నేడు ఆ విషయమునే మీ ముందుంచదలచితిమి.

వెనుకటి వడ్రంగి బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, ఉలితో తొలిచెడివాడు. చిత్రిక పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్ళ యొద్దనే రాలిపోవును. ఇప్పుడు విద్యుత్తుతో నడచు గుండ్రని రంపము, కొయ్యను నునుపు చేయు యంత్రము వసారాలోనికి వచ్చినవి. పని త్వరగా సాగుచున్నది; మంచిదే. కాని ఇవి కొయ్యను పిండి చేయును. ఆ పిండిలో మిక్కిలి సన్ననిది కంటికి కనబడక, పని ముగిసిన తరువాత కూడ చాలసేపు గాలిలో తేలియాడును. నేలపై పడిన పొట్టు కంటె ఈ కనబడని ధూళి వలననే కీడు ఎక్కువ.

దీనివలన ముక్కు కారుట, దగ్గు, ఉబ్బసము కలుగవచ్చును. టేకు, జిట్రేగి కొయ్యల ధూళి కొందరి చర్మముపై దురద, దద్దురులు లేపును. 1960 దశకములో ఇంగ్లండులోని హై వికోంబ్ ప్రాంతమున కుర్చీలు, బల్లలు చేయు పనివారిలో ముక్కు లోపలి క్యాన్సరు అసాధారణముగా ఎక్కువగా నున్నట్లు వైద్యులు కనుగొనిరి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్య ధూళిని మానవులకు క్యాన్సరు కలిగించు వాని మొదటి తరగతిలో చేర్చినది. ఆ వ్యాధి అరుదైనది. ఏండ్ల తరబడి ధూళి పీల్చినవారికి వచ్చునది. కనుక ఒక దినపు పనికి బెదరనక్కరలేదు. అయితే మన వడ్రంగికి పనిచోటును నివాసమును ఒక్క కప్పు క్రిందనే యుండును. పగలు అతడు పీల్చిన ధూళినే రాత్రి ఆ వసారాలో నిద్రించు పసిబిడ్డయు పీల్చును. ఇంటి పనిచోటికి కర్మాగారముల తనిఖీ అధికారి రాడు. చూడవలసినవారు మీరే.

నునుపు పట్టు పనిని ఆరుబయట చెట్టు నీడన, గాలి ప్రక్కనుండి వీచునట్లు నిలిచి చేయుట తేలికైన ఉపాయము. లోపల చేయక తప్పనిచో గోడకు గాలిని బయటికి నెట్టు పంకా అమర్చుకొనవలయును. తలపై తిరుగు పంకా పడిన ధూళిని మరల లేపును. యంత్రమునకు ధూళి వెలువడు గొట్టము ఉన్నచో, దానికి ధూళిని పీల్చు యంత్రమును తగిలించుట అన్నిటికంటె మేలు; పుట్టినచోటనే ధూళి పట్టుబడును. పొడి చీపురుతో ఊడ్చరాదు, తడిగుడ్డతో తుడువవలయును. ముఖమునకు చుట్టిన తువ్వాలు సన్న ధూళిని ఆపజాలదు. ఎన్-95 మాస్కు ఆపును. 2020 కరోనా నాటినుండి అది మీకు తెలిసినదే. పొట్టును పొయ్యి చెంత నిలువచేయుట అగ్నిభయము.

“మా తాత ఈ పొట్టులోనే పెరిగి ఎనుబది యేండ్లు బ్రదికినాడు” అని వడ్రంగి అనవచ్చును. తాతకు యంత్రము లేదని చెప్పుడు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో వడ్రంగులు చేరియున్నారు. శిక్షణతో పాటు పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము కలదు. దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. అట్టి దరఖాస్తు మీ ముందుకు వచ్చినపుడు, ధూళిని పట్టు సాధనము సంగతి కూడ అతనితో మాటలాడుడు. ఇద్దరు ముగ్గురు వడ్రంగులున్న ఊరిలో, ఇండ్లకు దూరముగా నాలుగు వైపుల గాలి ఆడు పాక యొకటి వేయుటకు పంచాయతీ స్థలము కలదేమో వచ్చు సమావేశములోనే విచారింపుడు.