పరుల బిడ్డలకు పెద్దదిక్కు



గత శివరాత్రికి నేను ఆత్మకూరు మీదుగా నల్లమల కాలిబాటను శ్రీశైలమునకు పోవుచుంటిని. పెచ్చెర్వు వద్ద విశ్రమించినప్పుడు, నేను ఉపాధ్యాయుడనని తెలిసి, ఒక వృద్ధ రైతు నన్నిట్లడిగెను: "అయ్యా, నా మనుమనికి మదరాసు క్రైస్తవ కళాశాలలో సీటు దొరికినది. పంపినచో వాడు మావాడుగానే తిరిగి వచ్చునా?" నేనును అచ్చటనే చదివినవాడను. అయినను ఆనాడు తృప్తికరముగా బదులు చెప్పలేకపోతిని. ఆ బదులే నేటి నా ప్రసంగము.

ఆ వృద్ధుని భయము వట్టిది కాదు. 1852లో బందరున నోబులు దొర పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవులు కాగా, తండ్రులు తమ పిల్లలను మాన్పించిరి. కనుక అట్టి విద్యాలయమునకు అధ్యక్షుడగుట కత్తిమీది సాము.

మదరాసు కళాశాల 1837లో స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్ పెట్టిన పాఠశాల నుండి పుట్టినది. 1862లో వచ్చిన విలియం మిల్లరు దొర దానిని పెంచి, 1877లో క్రైస్తవ కళాశాలగా తీర్చి, 1907 వరకు అధ్యక్షుడై నడపెను. స్వదేశమున చందాలిచ్చువారు "ఎందరు మతము పుచ్చుకొనిరి?" అని యడుగుదురు, ఇచ్చటి తండ్రులు "మా బిడ్డ మతము నిలుచునా?" అని యడుగుదురు. ఇరువురకును జవాబుదారి ఆయనయే. మిల్లరు తన విశ్వాసమును దాచలేదు. బైబిలు బోధన మాన్పలేదు. కాని బాప్తిస్మముల లెక్కతో కళాశాలను కొలువరాదని తనవారితోనే వాదించి, నింద మోసెను. సొంత ధనమును కళాశాలకు ధారపోసెను.

ఫలమేమి? ఆయన శిష్యుడు రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు బ్రహ్మసమాజికులై, 1905 నుండి కాకినాడ కళాశాలకు అధ్యక్షులై, హరిజన బాలురను చేర్చుకొనిరి. మన కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1906లో అచ్చట ఎం.ఏ. ముగించి, 1908లో దేశముకొరకు చెరసాలకేగిరి. రాధాకృష్ణపండితుడు మిషనరీల విమర్శకు నొచ్చుకొని, అచ్చటనే వేదాంతముపై వ్యాసము వ్రాయగా, గురువగు హాగ్ దొర మెచ్చుకొనెను. ఆ హాగ్ దొరయే 1928లో అధ్యక్షుడయ్యెను.

నేడు చట్టము కూడ తోడున్నది. 1950 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయము గాని పొందిన విద్యాలయమున, సమ్మతి లేనిదే యెవ్వరిని మతబోధకు గాని ప్రార్థనకు గాని రమ్మని నిర్బంధింపరాదు. మైనరు విషయమున సంరక్షకుని సమ్మతి కావలెను. అయినను చట్టము నిర్బంధమును మాత్రమే ఆపగలదు. బిడ్డ మనస్సును నొప్పింపకుండుట అధ్యక్షుని గుణమునుబట్టి యుండును.

మన శివరాత్రి బాటను చూడుడు. ఎండలో నీరు పోయువాడు మన కులగోత్రములడుగడు. తన దేవుని మరువడు. ఆ చలివేంద్రపు ధర్మమే అధ్యక్షుని ధర్మము.

పెద్దయ్యా, మీరీ మాటలు వినుచున్నచో, పిల్లవానిని పంపుడు. పంపుటకు ముందు ఒకమారు పోయి అధ్యక్షునితో మాటాడుడు. భవనములను గాక, పరమతపు బిడ్డను గూర్చి ఆయన మాటాడు తీరును చూడుడు. నేను అచ్చట మూడేండ్లు చదివితిని. బైబిలు కథలు నేటికిని జ్ఞాపకమున్నవి. పెచ్చెర్వు వద్ద మీరు నా నొసట చూచిన విభూతియు నాడు మా తండ్రి పెట్టి పంపినదే.