ఎదుటివాని పీఠము

(ఒక పఠనమందిరమున విద్యార్థుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)



మన కళాశాలలలో నేడు నమూనా ఐక్యరాజ్యసమితి యను నభ్యాస మొకటి ప్రవేశించినది. 1920ల దశకమున అమెరికా విద్యార్థులు నానాజాతిసమితిని అనుకరించి సభలు జరిపిరి. 1945లో ఐక్యరాజ్యసమితి యేర్పడిన పిదప ఆ సభలు దాని పేరు ధరించి లోకమంతట వ్యాపించినవి. కోటు తొడుగుకొని ఇంగ్లీషు మాటలాడు వేడుక యని కొందరు పెద్దలు దీనిని పరిహసింతురు. మాకును మొదట నట్లే తోచినది. ఆ యభిప్రాయమును మేమేల మార్చుకొంటిమో విన్నవించెదము.

దీని పద్ధతి యిది. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దేశము నిర్ణయింపబడును. కోరిన దేశమే దొరకునను నియమము లేదు. ఆ దేశపు చరిత్రమును, అవసరములను చదివి, దాని వాదమును సంగ్రహముగా వ్రాసికొని రావలెను. హాజరు పిలిచిన పిమ్మట, వక్తల పట్టిక ననుసరించి, అధ్యక్షు డిచ్చిన వ్యవధిలో ప్రసంగింపవలెను. 'నేను' అనుటకు వీలులేదు; దేశము పేరనే పలుకవలెను. అటుపై పీఠములు విడిచి గుంపులుగా గూడి బేరమాడుదురు. అసలు పని యిచ్చటనే జరుగును. ముసాయిదా తీర్మానము వ్రాయుదురు, సవరణలు వచ్చును, కడపట వోటు. భద్రతామండలి నమూనాయైనచో, 15 మందిలో 9 మంది యొప్పినను, ఐదు శాశ్వత సభ్యరాజ్యములలో నొక్కటి వలదన్నచో తీర్మానము వీగిపోవును.

ఇది మనకు బొత్తిగా క్రొత్త గాదు. తెల్లవార్లు రాయబార నాటకములు చూచినవారము గదా! దుర్యోధన వేషధారి తన పద్యమును నిండుగొంతుతో చదువకున్న శ్రీకృష్ణుని రాయబారము రక్తి కట్టునా?

ఇక మా మనవి. న్యూయార్కు మాట యటుండనిండు. మన వంశధారనేల చర్చకు దీసికొనరాదు? ఒడిశాలో బుట్టి కళింగపట్నము కడ సముద్రమున గలియు ఈ నదీజలములను చెరిసగము పంచుకొనవలెనని 1962లో ఉభయ రాష్ట్రములకు ఒడంబడిక జరిగెను. అయినను నేరడి ఆనకట్టపై తగవు తీరలేదు. 2010లో ట్రిబ్యునలు ఏర్పడి, 2017 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. చెరిసగము వాటా నిలిచినది. ఆనకట్టకు అనుమతి లభించినది. అందులకై ఒడిశాలో 106 ఎకరములను ఆంధ్రప్రదేశ్ ఖర్చుపై సేకరింపవలెననిరి. తరువాత కూడ 2021 నవంబరు 9న ఇరువురు ముఖ్యమంత్రులు భువనేశ్వరమున గూడి మాటలాడవలసి వచ్చినది. న్యాయవాదులమైన మేమే చెప్పుచున్నాము: తీర్పుతో వ్యాజ్యము ముగియును గాని పొరుగు ముగియదు.

ఒక విద్యార్థి సభలో ఈ విషయమునే పెట్టి చీట్లు వేసితిమి. హిరమండలము వైపునుండి వచ్చిన యొక పిల్లవానికి ఒడిశా వచ్చినది. "ఈ నీళ్లు త్రాగి పెరిగినవాడను, వారి పక్షమున నెట్లు పలుకుదునండీ?" యని చీటి తిరిగి యీయబోయెను. మేము పుచ్చుకొనలేదు. రెండు దినములు చదివి వచ్చి, ఆవలియొడ్డున మునుగు పొలములను గూర్చి, వరదకు కోసికొనిపోవు గట్టులను గూర్చి మాటలాడెను. సభ నిశ్శబ్దమయ్యెను. ఆతని మేనమామల యూరు ఈవలి జలాశయమునకై ఖాళీ చేయబడినదని మాకు పిమ్మట తెలిసినది. ముంపు అనగా నేమో ఆతనికి పుస్తకము చెప్పనక్కరలేదు.

బేరము వేళ ఆతడు రెండే కోరెను: నీరు నిలుపుటకు ముందే పరిహారము చెల్లింపవలెను, తలుపు లెత్తు వేళలు ఉభయులకు దెలియవలెను. ఆంధ్ర పక్షమున నున్న బాలిక క్షణ మాలోచించి, ఆ రెంటిని తన ముసాయిదాలో తానే వ్రాసికొనెను. మన వాటాలో ఒక్క చుక్కయు తగ్గలేదు. సభ ముగిసిన పిదప ఆ పిల్లవాడు, "ఇప్పుడు మన పక్షమున మాటలాడుమన్న, నిన్నటికంటె బాగుగా మాటలాడగలనండీ" యనెను.

ఇరువదియేండ్ల న్యాయవాద వృత్తిలో మేము నేర్చినదియు నింతే. ఎదుటివాని వాదము నెరుగనివాడు తన వాదమును సగమే యెరుగును.

కావున వచ్చు ఆదివారము ఈ మందిరముననే, మన తెలుగుననే, చీట్లు వేయుదము. ఒడిశా చీటి వచ్చినవారు దానిని తిరిగి యీయరాదు.