వర్తక మండలి యావశ్యకత
(గన్నవరమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



వర్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. అంగడిలో తక్కెడ పట్టినవాడను. కావున అనుభవమున నెరిగిన సంగతులనే విన్నవించెదను.

మన గన్నవరము బెజవాడకును ఏలూరునకును నడుమ రాజమార్గముమీదను, రైలుదారిమీదను నున్నది, విమానాశ్రయమును గలదు. కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట కాలువల నీరు పారి డెల్టా సస్యశ్యామలమయ్యెను. ధాన్యమును వెంబడించి మిల్లులు, మిల్లులను వెంబడించి అంగళ్లు వచ్చినవి. ఇన్ని వసతులున్నను ఒంటరి వర్తకుని మాట చెల్లుట యరిది. రైతునకు రొక్కమియ్యవలయును; పొరుగూరి వ్యాపారికి అరువియ్యవలయును. అరువు మునిగిన అంగడియు మునుగును.

కొన్నియేండ్ల క్రిందట నాకే యీ యిక్కట్టు గలిగినది. దూరపట్టణపు వర్తకుడొకడు బియ్యము దింపించుకొని, బస్తాలు తడిసినవని చెప్పి సొమ్మంతయు నిలిపివైచెను. వ్యాజ్యమాడిన ఖర్చులు బాకీని మించునట్లుండెను. తుదకు ఉభయపక్షముల వర్తక పెద్దలు కూర్చుండి, లారీ రశీదును, తూకపు చీటిని పరీక్షించి, తడిసిన బస్తాల మట్టుకు వెల తగ్గించి, తక్కిన సొమ్మిప్పించిరి. కచ్చేరి మెట్లెక్కక మునుపు వర్తకుడు పోదగిన చోటొకటి యుండవలెనని నాకానాడు బోధపడినది. వర్తక మండలి యట్టి చోటు.

ఇది క్రొత్త తలపు గాదు. ఫ్రాన్సుదేశమునందలి మార్సెయి రేవున 1599లోనే యిట్టి మండలి వెలసెను. మన కాకినాడయందు 1868లో ఐరోపా కోఠీలవారు తమకొక మండలిని గల్పించుకొనిరి. ఆంధ్ర వర్తకులకొరకు 1928లో చెన్నపట్టణమున ఆంధ్ర వాణిజ్య మండలి యేర్పడినది. బందరున 1923లో పట్టాభి సీతారామయ్యగారు నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకునందు లీనమైనను, స్థానికుల పూనికవలన ఎట్టి కార్యము సాధ్యమగునో లోకమునకు జూపినది.

నేటి మండలికి పని కొదువలేదు. 2017లో వచ్చిన వస్తుసేవల పన్ను విధానమున, అమ్మినవాడు లెక్క దాఖలు చేయకున్న కొన్నవానికి రావలసిన పన్ను జమ నిలిచిపోవును. ఒకని యశ్రద్ధ మరియొకనికి నష్టము! 2006 నాటి చట్టముచే చిన్న పరిశ్రమలవారికి బాకీ 45 దినములలోపల ముట్టవలయును. ఆలసించిన చక్రవడ్డీ పడును. కాని, 2021లో చిల్లర, టోకు వర్తకులను ఆ పట్టికలో జేర్చినప్పుడు బ్యాంకు ఋణములందలి ప్రాధాన్యమునే యిచ్చిరి. బాకీల విషయమున రక్షణ యియ్యలేదు. అనగా మిల్లునకున్న రక్ష అంగడికి లేదు. ఈ లోపమును ఒకడు విన్నవించిన వినువారెవరు? వేయిమంది యొక్క కాగితమున వ్రాసిన వినక తప్పదు.

2024 సెప్టెంబరునందు బుడమేరు పొంగి బెజవాడను ముంచిన దినములను మీరు మరువలేదు గదా! భీమా యున్నను, సరుకు జాబితాయు సరుకుతోడనే తడిసిపోయినచో నష్టమునకు ఋజువేది? అట్టి లెక్కల ప్రతులను వేరొక చోట భద్రపరచుట మండలి చేయగల సులభకార్యము.

ఇక నొక్క మాట, కొందరికి రుచింపకపోవచ్చును. మన కులమువారికే ప్రత్యేక మండలి కావలెనని కొందరు మిత్రులు కోరుచున్నారు. విద్యార్థి వసతిగృహములు, వేతనములు, వివాహ సహాయములు మన సంఘము చేయవలసినవే. కాని, తక్కెడకు కులము లేదు. మనకు ధాన్యమమ్ము రైతు, ఆడించు మిల్లుదారు, మోయు ముఠా కూలి, తోలు లారీవాడు వేర్వేరు కులములవారు. ఒక్క కులపు పెద్దలు చెప్పిన తీర్పు మరియొక కులపు బాకీదారుడేల యొప్పుకొనును? నా బాకీ వసూలగుట యుభయపక్షముల పెద్దలుండుటచేతనే గదా! కావున మండలి యందరిదియు గావలయును. అట్లే, అది గొప్ప మిల్లుదారుల విడిదిగా మారరాదు. చందా స్వల్పముగా నుండవలయును. కార్యవర్గమున చిన్న అంగళ్లవారికి స్థానములుండవలయును.

నెలకొకమారు రాజీసభ, పన్ను లెక్కలు వ్రాయ నేర్చిన గుమాస్తా యొకడు, జాబితాలు దాచు బీరువా యొకటి — ఈ మూటితో నారంభింపుడు. భవనము తరువాత గట్టుకొనవచ్చును. పై సంవత్సరపు మహాసభనాటికి రాజీయైన తగవుల పట్టికను ఈ వేదికపై చదువగలిగిన, నేటి నా మాటలు సార్థకములగును.